సొంత రూల్‌ని తామే మర్చిపోయే సినిమాలు: థ్రిల్లర్, సూపర్‌హీరో, సైఫై అభిమానులు ఇటు రండి

ఇంటర్వెల్_బాబ్జీ (కాకినాడ)

నేను రివ్యూలు రాసే రకం కాదు. రాత్రి అన్నం తిన్నాక టీవీ ముందు కూర్చుంటా. పట్టుకుంటే ఒంటిగంట దాకా చూస్తా, పట్టుకోకపోతే అరగంటకే కట్టేసి పడుకుంటా. చూసేవి మూడు రకాలే. హత్య ఎవరు చేశారో తేలాల్సినవి, ఎవడికో ఒకడికి శక్తులొచ్చేవి, కాలంలో వెనక్కో ముందుకో వెళ్లేవి. ప్రేమకథలు మా ఆవిడ ఖాతా.

చూసి చూసి నాకు అర్థమైంది ఒక్కటే. ఈ మూడు రకాల్లోనూ దర్శకుడు మొదట్లోనే మనకో మాట ఇస్తాడు. ఈ కథలో ఇది జరుగుతుంది, ఇది జరగదు అని. ఆ మాట మీద నిలబడితే ఎంత వింత కథైనా నోరు మూసుకుని నమ్మేస్తాం. క్లైమాక్స్‌లో హీరోని గెలిపించడానికి ఆ మాట గట్టున పెట్టేస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

హను-మాన్ చూడండి. 2024 సంక్రాంతికి పెద్ద హీరో సినిమా పక్కనే వచ్చి నిలబడింది. గ్రాఫిక్స్ వల్ల అంటారు అందరూ. నాకైతే నచ్చింది ఆ మణికి పెట్టిన షరతు. సూర్యుడు ఉన్నంతసేపే శక్తి. పొద్దుగూకితే హనుమంతు మళ్లీ అంజనాద్రిలో తిరిగే మామూలు కుర్రాడే. కొట్లాట నడుస్తుంటే విలన్ ఎటున్నాడో కాదు, ఎండ ఎటుందో చూస్తాం.

ఇప్పుడు సూర్య '24'. కాలాన్ని తిప్పే వాచీ పెట్టుకుని పాతికేళ్లు వెనక్కి పోదామనుకున్న విలన్ ఆత్రేయకి, అది 24 గంటలకి మించి పోదని తెలుస్తుంది. ఆ సీన్‌లో వాడి మొహం ఇప్పటికీ గుర్తే. అక్కడ సినిమా ఎక్కడికో వెళ్లిపోయింది. తర్వాత ఆ హద్దు తీసేశారు. కథకి అవసరం, కాదనను. కానీ అక్కణ్నుంచి నాకు టెన్షన్ సగానికి పడిపోయింది. ఎంతైనా వెనక్కి వెళ్లగలిగినవాడికి కంగారెందుకు?

మీ లెక్కలో మాట నిలబెట్టుకున్నవి ఏవి, తప్పినవి ఏవి? ముగింపు చెప్పాల్సి వస్తే పైన ఒక ముక్క హెచ్చరిక పెట్టి రాయండి.


చిన్నూ_స్నాప్

అన్నా, రూల్స్ అంటే అవెంజర్స్ ఎండ్‌గేమ్ మాట్లాడుకోవాలి కదా. గతంలోకి వెళ్లి ఏం మార్చినా మన వర్తమానం మారదు, అక్కడ ఇంకో దారి చీలుతుంది అంతే. ముందే కూర్చోబెట్టి మరీ చెప్పారు. విలన్ థానోస్ చిన్నప్పుడే వాణ్ని చంపేస్తే అయిపోతుంది కదా అనే ప్రశ్నకి కూడా అక్కడే జవాబిచ్చేశారు. దీనికన్నా పద్ధతిగా ఎవరు తీశారు?

ఇన్ఫినిటీ వార్ తెలుగులో థానోస్‌కి రానా గొంతు. అది వినకపోతే సగం లైఫ్ వేస్ట్.


ఇంటర్వెల్_బాబ్జీ

> దీనికన్నా పద్ధతిగా ఎవరు తీశారు?

తమ్ముడూ, మరి చివర్లో కెప్టెన్ అమెరికా ముసలాయనై బెంచీ మీద ప్రత్యక్షమయ్యాడు కదా. ఆయన వేరే దారిలో బతికొచ్చాడా, ఇదే దారిలో ఎవరికీ కనపడకుండా దాక్కున్నాడా? దర్శకులు ఒకటి చెప్పారు, రాసినవాళ్లు ఇంకోటి చెప్పారు. తీసినవాళ్లకే లెక్క కుదరలేదు, నువ్వు పద్ధతి అంటావ్.

రానా గొంతు విషయంలో మాత్రం నీతోనే ఉన్నా.


పద్మజ_టీచర్ (గుడివాడ)

బాబ్జీ గారూ, నేను సినిమాల కంటే ముందు పుస్తకాల మనిషిని. అద్దెకిచ్చే షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో తెచ్చుకుని లెక్కల పుస్తకంలో పెట్టి చదివిన బ్యాచ్. ఇప్పుడు నేనే లెక్కలు చెబుతున్నాను.

సైఫై సంగతి మీరు చూసుకోండి, థ్రిల్లర్‌కి మాత్రం రూల్ ఒకటే. ఆధారం నా కళ్ల ముందు పెట్టాలి. నేను చూడకపోతే నా తప్పు. అసలు పెట్టకుండా చివరి పది నిమిషాల్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని పట్టుకొచ్చి, ఇతనే హంతకుడు, చిన్నప్పుడు స్కూల్లో అవమానం జరిగింది అంటే నేను ఒప్పుకోను. లెక్క చెయ్యకుండా జవాబు మాత్రం రాసిన పేపర్‌కి నేను మార్కులు వెయ్యను.

ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ నాకు అందుకే ఇష్టం. నెల్లూరులో ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అని బోర్డు పెట్టుకుని కూర్చున్న కుర్రాడు. నవ్విస్తూ నవ్విస్తూనే రైలు పట్టాల పక్కన దొరికే శవాలను చూపిస్తారు. నవ్వుతున్నాం కదా, పట్టించుకోం. తర్వాత అసలు కథంతా అక్కడే ఉందని తెలుస్తుంది. 2019లో వచ్చింది, ఇప్పటికీ ఎవరైనా మంచి డిటెక్టివ్ సినిమా చెప్పమంటే మొదట అదే చెబుతాను.

చంద్రశేఖర్ యేలేటి గారి అనుకోకుండా ఒకరోజు కూడా. ఒక పార్టీకి వెళ్లొచ్చిన అమ్మాయి నిద్ర లేచేసరికి మధ్యలో ఒక రోజు గల్లంతైపోయి ఉంటుంది. ఆ రోజు ఏం జరిగిందో ఆమెకీ తెలీదు, మనకీ తెలీదు. ఇద్దరం కలిసే వెతుకుతాం. 2005లోనే అలా రాశారంటే దండం పెట్టాలి.


నల్గొండ_నవీన్

టీచర్ గారు, ఆ చిన్నప్పటి అవమానం ఫ్లాష్‌బ్యాక్ గురించి మీరు చెప్పింది వంద శాతం కరెక్ట్. ఇప్పుడు ఓటీటీల ఏ సైకో సినిమా పెట్టినా అదే వరస. ఒక బొమ్మ, ఒక పాత ఫొటో, ఒక పాడుబడ్డ ఇల్లు, బ్యాక్‌గ్రౌండ్ల చిన్నపిల్లల పాట. మా దోస్తులం పందెం కట్టుకుంటం, ఫ్లాష్‌బ్యాక్ ఎన్నో నిమిషానికి వస్తదో అని. కాకపోతే రాక్షసుడు చూసినప్పుడు మాత్రం దడ పుట్టింది, అది ఒప్పుకోవాలె. అందుల కూడా హంతకుడికి పాత కథే ఉంటది, కానీ అంతకుముందే మనల్ని స్కూలు చుట్టూ తిప్పి తిప్పి సంపుతరు.

నా ప్రశ్న వేరే. అందరూ హంతకుడు ఎవరు అనే దాని మీదనే ఎందుకు పడతరు? దృశ్యంల హత్య మన కండ్ల ముందే అయిపాయె. చేసిందెవరో తెలుసు, ఎందుకో తెలుసు. అయినా గోళ్లు కొరుక్కుంటనే చూసినం.


పద్మజ_టీచర్ (గుడివాడ)

నవీన్, అదే కదా అసలు పనితనం! ఆ ఇంట్లో అందరూ కూర్చుని ఒకే జవాబు మళ్లీ మళ్లీ చెప్పుకునే సీన్ గుర్తు తెచ్చుకోండి. బస్సు టికెట్లు, సినిమా టికెట్లు, ఎవరు ఎక్కడ తిన్నారు, ఎవరిని కలిశారు. కేబుల్ టీవీ నడుపుకునే మనిషి, చదివింది తక్కువ, సినిమాలు చూసి చూసి నేర్చుకున్నదే. చిన్నపిల్ల తడబడుతుందేమోనని మన గుండె కొట్టుకుంటుంది. ఆధారాలన్నీ ముందే మన చేతిలో పెట్టి కూడా కూర్చోబెట్టాడు. మలయాళంలో 2013లో వచ్చింది, తెలుగులో వెంకటేశ్ గారితో మరుసటి ఏడాదే తీశారు. రెండూ చూశాను, రెండుసార్లూ భయపడ్డాను.


డెట్రాయిట్_బావ

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ పొద్దున్నే. సైఫై గురించి ఇంటర్‌స్టెల్లార్ లేకుండా ఎలా మాట్లాడుకుంటున్నారు?

ఆ నీళ్ల గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్లు. రూల్ ఒక్క వాక్యం. కిందకి దిగేటప్పుడే చెప్పేస్తారు. అల రావడం, ఇంజిన్ తడవడం, ఆలస్యం కావడం, ప్రతి నిమిషానికీ లోపల లెక్క కడుతూనే ఉంటాం. తిరిగి ఓడ ఎక్కేసరికి ఇరవైమూడేళ్లు అయిపోతాయి. అప్పుడు కూపర్ కూర్చుని పిల్లలు పంపిన వీడియోలు ఒకటొకటిగా చూస్తాడు. కొడుకు స్కూల్ పిల్లాడిలా మొదలై, పెళ్లి చేసుకుని, బిడ్డని ఎత్తుకుని చూపిస్తాడు. ఇవతల తండ్రికి ఒక్క వెంట్రుక తెల్లబడలేదు. ఊరొదిలి వచ్చి వీడియో కాల్‌లో అమ్మానాన్నలు పెద్దవాళ్లవడం చూసేవాళ్లకి ఆ సీన్ వేరేలా తగులుతుంది, అంతకంటే చెప్పను.

సైన్స్ కూడా గాలిలో రాసింది కాదు. కిప్ థార్న్ అనే భౌతిక శాస్త్రవేత్త సినిమాకి సలహాదారు. 2017లో ఆయనకి నోబెల్ వచ్చింది, గురుత్వ తరంగాల పనికి.

ఇంకోటి, డార్క్. జర్మన్ సిరీస్, మూడు సీజన్లు. 33 ఏళ్ల చక్రం: 2019, 1986, 1953. ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద గీసుకోకపోతే రెండో సీజన్‌లోనే చేతులెత్తేస్తాం. పెళ్లిళ్లలో వరసలు కలిపే మా పెద్దత్తయ్యని కూర్చోబెడితే అందులోని విండెన్ ఊరి మొత్తం చుట్టరికం అరగంటలో తేల్చిపారేస్తుంది. కాకపోతే ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరింటికీ పిల్లనివ్వొద్దంటుంది.


ఇంటర్వెల్_బాబ్జీ

ఇంటర్‌స్టెల్లార్ నాకూ ప్రాణమే బావగారూ. కానీ ఆఖర్న పుస్తకాల అరల వెనకాల సంగతి? అక్కడ మాట తప్పలేదంటారా? అప్పటిదాకా గడియారం పట్టుకుని లెక్కలు చెప్పి, చివరికి ప్రేమ అన్ని కొలతలూ దాటుతుంది అనేశారు. నేను ఏడ్చాను, అది వేరే విషయం. ఏడుస్తూనే ఇది మోసం కదా అనుకున్నా.


సౌండ్‌బాక్స్

2025 ఫిబ్రవరిలో ఇంటర్‌స్టెల్లార్ మళ్లీ విడుదలైనప్పుడు హైదరాబాద్ ప్రసాద్స్ పెద్ద తెర మీద చూశాను. పాతవాళ్లు ఇంకా ఐమాక్స్ అంటూ ఉంటారు, ఇప్పుడు అక్కడున్నది పీసీఎక్స్. పేరేదైనా తెర తెరే. పుస్తకాల అరల గురించి బయటికొచ్చాక తగవులాడుకున్నాం, లోపల మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

ఒక విన్నపం. థ్రిల్లర్లు ఇంట్లో చూసేవాళ్లు టీవీ స్పీకర్ల మీద చూసి, మాటలు వినపడలేదు, సినిమా బాలేదు అని రాయకండి. సెట్టింగుల్లో సౌండ్ అవుట్‌పుట్ స్టీరియోకి మార్చండి. టీవీకి రెండే స్పీకర్లుంటే 5.1 మిక్స్‌లో మధ్య ఛానల్‌లో ఉండే డైలాగులు చాలాసార్లు సన్నగా వినిపిస్తాయి. లేదంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. తలుపు కిర్రుమన్న చప్పుడు ఎడమ నుంచి వచ్చిందా కుడి నుంచా అన్నది తెలియకపోతే ఇంక థ్రిల్లేముంది.


మాడరేటర్

దృశ్యం 2 ముగింపు మొత్తం రాసేసిన రెండు పోస్టులు తీసేశాను. ఎవరివో వాళ్లకి తెలుసు. పైన హెచ్చరిక లేకుండా హంతకుడి పేరు రాస్తే వారం పాటు పోస్టింగ్ ఉండదు.


పాతరీళ్ల_ప్రసాదు (తెనాలి)

పిల్లలందరూ ఇంగ్లీషు సినిమాల దగ్గరే ఆగిపోయారు. మనకి 1980లోనే సూపర్‌మ్యాన్ ఉన్నాడు, ఎన్టీఆర్. వి.మధుసూదనరావు గారి దర్శకత్వం. ఆ హీరోకి శక్తులు ఇచ్చేది ఎవరనుకున్నారు? ఆంజనేయస్వామే. హను-మాన్ చూసి కొత్త ఆలోచన అంటుంటే నాకు నవ్వొచ్చింది. కొత్త కాదు, మన దగ్గర మొదట్నుంచీ అదే దారి.

ఇక బాబ్జీ గారి రూల్ మాటకొస్తాను. ఇందులో మన పురాణాలను మించినవాళ్లు లేరు. హిరణ్యకశిపుడి వరం చూడండి. ఇంట్లో కాదు బయట కాదు, పగలు కాదు రాత్రి కాదు, మనిషి కాదు జంతువు కాదు, నేల మీద కాదు ఆకాశంలో కాదు, ఆయుధంతో కాదు. దారులన్నీ మూసేశాడు. విష్ణుమూర్తి ఆ వరాన్ని రద్దు చెయ్యలేదు. దేవుణ్ని కదా, నేను తల్చుకుంటే చాలు అనలేదు. గడప మీద, సంధ్యవేళ, నరసింహుడై, ఒడిలో పెట్టుకుని, గోళ్లతో. ఒక్క షరతు తప్పలేదు, పని అయిపోయింది. రావణుడు నరులను లెక్కలోకి తీసుకోకుండా వరం అడిగాడు, ఆ సందులోంచే రాముడొచ్చాడు. భస్మాసురుడి చెయ్యి వాడి నెత్తినే పెట్టించారు.

మాయాబజార్ కూడా అంతే. ఎక్కినవాడు నిజమే చెబుతాడని సత్యపీఠం ఒకటి పెట్టారు. చివర్లో దాని మీదికి శకునినే ఎక్కించారు. 1957. ఇప్పటి స్క్రీన్‌ప్లే పాఠాల్లో ఏం చెబుతారో నాకు తెలీదు గానీ, ఇంతకంటే ఏముంటుంది?


చిన్నూ_స్నాప్

ప్రసాదు గారూ, ఇది మాత్రం అదిరింది 🔥 డాక్టర్ స్ట్రేంజ్ క్లైమాక్స్ కూడా ఇదే కదా! డోర్మమ్ముని కొట్టి గెలవలేడు. అందుకే కాలాన్ని ఒక ఉచ్చులా తిప్పి, చస్తూ మళ్లీ వస్తూ, చస్తూ మళ్లీ వస్తూ, వాడికే విసుగొచ్చి బేరానికి దిగేలా చేస్తాడు. ఎవరినీ గుద్దకుండా గెలిచిన సూపర్‌హీరో సినిమా. 2016.

మార్వెల్‌ని నేను కూడా తిడతా, అనుకోకండి. ది మార్వెల్స్ చూడాలంటే ముందు రెండు సిరీస్‌లు చూసి ఉండాలి, లేకపోతే పక్కనున్నవాళ్లెవరో తెలీదు. సినిమాకి వెళ్తున్నానా, సప్లిమెంటరీ రాయడానికి వెళ్తున్నానా అనిపించింది. ఎండ్‌గేమ్ తర్వాత పూర్తిగా మనసుపెట్టి చూసినవి తక్కువే.


గోదారి_గట్టు (రాజమండ్రి)

అందరూ వరాలూ షరతులూ అంటున్నారు, నాకేమో విలన్ కావాలి. మిన్నల్ మురళి చూశారా ఎవరైనా? 2021 క్రిస్మస్ ముందు రోజు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఒకే రాత్రి, పిడుగు ఇద్దరి మీద పడుతుంది. ఒకడు అమెరికా పోదామనుకునే టైలర్ జైసన్. ఇంకొకడు టీ కొట్టులో పనిచేసే షిబు. ఊరంతా వాణ్ని పిచ్చోడంటుంది. ఇద్దరికీ ఒకే శక్తి. ఒకడికి ప్రేమ పోయినా పక్కన నలుగురున్నారు, ఇంకొకడికి ఆ ఒక్క ఉష తప్ప ఎవరూ లేరు. గురు సోమసుందరం నవ్వుతుంటే భయమేస్తుంది, ఏడుస్తుంటే ఇంకా భయమేస్తుంది. ఒక సీన్‌లో నేను హీరోని వదిలేసి షిబు గెలిస్తే బాగుణ్ను అనుకున్నా.

హను-మాన్‌లో మైకేల్ మొదటి సీన్ బాగుంటుంది. సూపర్‌హీరోలకి అమ్మానాన్న ఉండరు కదా అని సొంత తల్లిదండ్రులనే లేకుండా చేసుకునే పిల్లాడు. అంత మంచి ఆలోచనతో మొదలెట్టి, పెద్దయ్యాక వాడికి సూట్లూ మెషీన్లూ ఇచ్చి వదిలేశారు. షిబుకి ఇచ్చినంత టైమ్ వాడికీ ఇచ్చుంటే?

కొత్త లోక కూడా చూశా. 2025లో వచ్చింది, కల్యాణి ప్రియదర్శన్. కేరళలో అమ్మమ్మలు చెప్పే నీలి అనే యక్షి కథని బెంగళూరు ఫ్లాట్‌లోకి తెచ్చారు. ఆడపిల్ల సూపర్‌హీరో అంటే హీరో పక్కన ఒక ఫైట్ ఇచ్చి పంపించెయ్యడం కాదు, సినిమా మొత్తం ఆవిడదే. మనకి కథలు లేవా? ఎంతమంది గ్రామదేవతలున్నారు ఊరూరా.


నల్గొండ_నవీన్

గ్రామదేవతల పాయింట్ మస్తుంది అక్కా. ఎవరన్న తీస్తే ఫస్ట్ డే నేను పోత.

కల్కి 2898 ఏడీ గురించి ఎవరూ మాట్లాడుతలేరేంది? కాశీ ఒక్కటే మిగిలిన నగరం, పైన తిరగేసిన పిరమిడ్ లెక్క కాంప్లెక్స్, అందుల మాత్రం నీళ్లు, చెట్లు. తెలుగుల అట్లాంటి లోకం ఎవరు కట్టిండ్రు?


ఇంటర్వెల్_బాబ్జీ

లోకం బ్రహ్మాండం నవీన్. కట్టడానికే గంట పట్టింది, అదే నా బాధ. ఇంకోటి, అశ్వత్థామకి చావు లేదు. చావు లేనివాడు కొట్లాడుతుంటే నాకు టెన్షన్ ఎక్కణ్నుంచి వస్తుంది?


పాతరీళ్ల_ప్రసాదు (తెనాలి)

బాబ్జీ గారూ, చావు లేకపోవడం ఆయనకి వరం కాదండీ, శాపం. కురుక్షేత్రంలో ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేసినందుకు కృష్ణుడు ఇచ్చిన శాపం. అదే మనిషి వేల ఏళ్ల తర్వాత ఇంకో గర్భాన్ని కాపాడాలి. ఆయనకేమవుతుందో అని కాదు చూడాల్సింది, ఆ బిడ్డని మోస్తున్న సుమతికి ఏమవుతుందో అని. ఆయనకి రెండో అవకాశం ఆవిడే. మీరు టెన్షన్ వెతకాల్సిన చోట వెతకలేదు.


ఇంటర్వెల్_బాబ్జీ

మాట బాగుంది ప్రసాదు గారూ. మరి ఆ మొదటి గంటకి కూడా ఏదైనా శాపవిమోచనం చెప్పండి.


పద్మజ_టీచర్ (గుడివాడ)

రూల్ లేకపోయినా కళ్లు చెమర్చిన సినిమా ఒకటుంది, ఒకే ఒక జీవితం. అందులోని టైమ్ మిషన్ ఎలా పనిచేస్తుందో ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. 1998కి వెళ్లిన కొడుకు, పోయిన తల్లి ఎదురుగా నిలబడతాడు. ఆవిడకి ఇతనెవరో తెలీదు. ఇంటికొచ్చిన ఎవరో అబ్బాయితో మాట్లాడినట్టే మర్యాదగా మాట్లాడుతుంది. అమల గారు ఏమీ చెయ్యరు, మామూలుగా ఉంటారు. అక్కడ నేను లెక్కలు మానేశాను.


వారాంతం_వాణి

అందరికీ నమస్తే. థ్రెడ్ మొత్తం చదివాను, ఒక సాయం కావాలి. ఈ ఆదివారం ఇంట్లో మా అత్తగారు, ఎనిమిదేళ్ల పాప, మావారు, నేను. రక్తం ఉండకూడదు, పాప భయపడకూడదు, అత్తగారికి సబ్‌టైటిల్స్ చదవడం కష్టం. మావారికి మాత్రం సైఫై కావాలి. ఏం పెట్టమంటారు?


గోదారి_గట్టు (రాజమండ్రి)

మిన్నల్ మురళి తెలుగులో ఉంది వాణి గారూ. కానీ చివర్లో నిప్పు, ఏడుపులు ఉంటాయి, పాపకి వద్దేమో.


పాతరీళ్ల_ప్రసాదు (తెనాలి)

ఇంత పెద్ద చర్చలో ఇప్పటిదాకా దాని పేరే రాలేదు. ఆదిత్య 369 అమ్మా. 1991, సింగీతం గారు. సాలార్జంగ్ మ్యూజియంలో వజ్రం, ఒక పిల్లాడు, ప్రొఫెసర్ గారి టైమ్ మిషన్. 1526లో రాయలవారి కాలం, తర్వాత 2504లో అణుయుద్ధం అయిపోయిన లోకం. బాలకృష్ణ రెండు పాత్రలు, విలన్ అమ్రిష్ పురి. కెమెరాకి ముగ్గురు పనిచేశారు: పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్. అత్తగారికి తెనాలి రామకృష్ణుడు, పాపకి ఆ మిషన్, మీవారికి 2504. 2025లో 4కేలో మళ్లీ థియేటర్లకి కూడా తెచ్చారు, కాబట్టి పాత ప్రింట్ కాకుండా అది దొరుకుతుందేమో చూసుకోండి.


సౌండ్‌బాక్స్

ఇళయరాజా సంగీతం. స్పీకర్లు బయటికి తియ్యండి.


చిన్నూ_స్నాప్

నేను ఇంతవరకు చూడలేదు 🙈 తిట్టకండి. ఆదివారం నేనూ పెడతా.


వారాంతం_వాణి

సరే, అదే ఖాయం. మావారు అప్పుడే మొదలెట్టారు, 2504 సీన్లు రాగానే పిలవండి, అప్పటిదాకా నేను క్రికెట్ చూసుకుంటా అని. అత్తగారు రిమోట్ దాచేశారు.